వెలుతురు కన్నా ముందు, నూకరత్నం కన్నా వెనక

రాత 1

ఈ రాత రాయకుండానే ఎగ్గొడదామనుకున్నాను. పాలపిట్ట ఓడ ఎక్కబోయే ప్రయాణికులందరూ రోజూ ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో, దేనికి భయపడ్డారో రాసిపెట్టాలని కెప్టెన్ గారి షరతు. డెబ్భై నాలుగేళ్ళవాడు ఏం తిన్నాడో చెబితే మా రేవు డాక్టరే ఆవలిస్తాడు, ఇక చదివేదెవరు? కానీ మా తోడల్లుడు గవర్రాజు, "నీకు నోరాడినట్టు చెయ్యాడదులే అన్నయ్యా" అన్నాడు. వాడి మీద పంతంతో కూర్చున్నాను. నా జీవితంలో సగం పనులు వాడి మీద పంతంతోనే చేశాను. మిగతా సగం చెయ్యలేదు.

నా పేరు కొల్లాటి త్రిమూర్తులు. కొత్త కోటిపల్లి రేవులో పంటు సరంగుని. మా పూర్వీకులు గోదావరి వాళ్ళు. వాళ్ళెక్కిన నిదానపు ఓడ మూడు తరాలపాటు నడిచి ఈ ఎర్ర నక్షత్రం దగ్గర ఆగింది. ఇక్కడ నీళ్ళు మంచుదిమ్మల రూపంలో తప్ప దొరకవు. అయినా వాళ్ళు తమకు తెలిసిన మాటలే వెంట తెచ్చుకున్నారు. అంచేత శూన్యంలో తేలే ఇనుప వంతెన మాకు రేవు. మంచుదిమ్మలను మోసే చదునైన బండి పంటు. దాన్ని నడిపేవాడు సరంగు. యాభై ఏళ్ళు సరంగు పని చేసిన నేను ఇంతవరకు పారే నీరు చూడలేదు. ఈత రాదు. అవసరం పడలేదు.

పాలపిట్ట వచ్చిన రోజు సంగతి ముందు చెప్పాలి. అది వస్తోందని మాకెవరికీ తెలియదు, తెలిసే వీలూ లేదు. భూమి నుంచి రేడియో మాట మాకు చేరాలంటే పదకొండేళ్ళు పడుతుంది. వెలుతురైనా అంతే. ఆ ఓడ ఆరు రోజుల్లో వచ్చేసింది. అంటే తన రాక కబురును తనే దారిలో దాటేసి వచ్చిందన్నమాట. ఇలాంటి ఓడ కట్టబోతున్నారన్న వార్త కూడా మాకింకా అందలేదు. పొద్దుటి రేడియోలో భూమ్మీది పెద్దమనుషులు వెలుతురును దాటడం ఎవరివల్లా కాదని బల్లగుద్ది చెబుతున్నారు. పక్క గదిలో ఆ ఓడ దిగినవాళ్ళు ఇడ్లీ తింటున్నారు.

అసలు వింత అది కాదు. ఓడను కొక్కేనికి కట్టేసి, తలుపులు తీసి, మనుషులు దిగుతుండగా దూరాన ఇంకో పాలపిట్ట కనిపించింది. అచ్చు అదే ఓడ. మూతి మా వైపే పెట్టుకుని వెనక్కి, వెనక్కి పోతోంది! ఓడ దగ్గరికొచ్చాక దాని మీంచి బయల్దేరిన వెలుతురు ముందు మాకు చేరింది. దూరాన ఉన్నప్పటిది తరవాత చేరింది. అంచేత రాక మొత్తం తిరగేసి కనిపించింది. ఇదంతా కెప్టెన్ గారు తరవాత చెబితే తెలిసింది. అప్పటికి మాత్రం రేవంతా నోరు తెరుచుకుని నిలబడింది.

"అదేటన్నయ్యా, అప్పుడే ఎల్లిపోతన్నారు? కాఫీ అయినా తాగలేదు!" అన్నాడు గవర్రాజు.

నేను ఎగిరి గంతేశాను. మా దగ్గర బరువు తక్కువ కదా, తల పైకప్పుకు కొట్టుకుని బొప్పి కట్టింది. నొప్పి తెలియలేదు. మర్నాడు తెలిసింది.

రాత 2

కెప్టెన్ గారి పేరు స్వరూప. కరీంనగర్ మనిషి. నవ్వితే గది నిండుతుంది. రేవు తరఫున ఇచ్చిన విందులో పెద్ద సరంగునని నన్ను ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టారు. ప్రెసిడెంటు నా పేరు చెప్పగానే ఆవిడ చేతిలో చెంచా గాలిలో ఆగిపోయింది.

"కొల్లాటి త్రిమూర్తులా? మీరేనా? ఎప్పుడు జూసినా లేటుగ వచ్చే త్రిమూర్తులు?"

బల్లంతా ఘొల్లుమంది. నా కీర్తి పదకొండేళ్ళ దారి దాటి అంత దూరం ఎలా పాకిందో నాకు అర్థం కాలేదు.

"మా దిక్కు చంద్రుని వెనకపక్క ఒక పెద్ద చెవి ఉంటది తాతా. మీ రేవు రేడియో అండ్ల వినపడ్తది, సన్నగ. రోజూ పొద్దుగాల ఒక అమ్మ పడవల పేర్లు సదువుతది. ఆఖరికి 'దారి ఖాళీ. వెళ్ళి రండి' అంటది. ఆ మాట ఇనకుంట మా ఆపరేటర్లు డ్యూటీ దిగరు. మేం బయల్దేరిన పొద్దు గూడ ఇన్న. 'మూడో నంబరు పంటు సరంగు కొల్లాటి త్రిమూర్తులు గారు ఇంకా రేవుకు రాలేదు. ఎక్కడున్నా వెంటనే రావలసింది' అన్నది."

ఆవిడ ఆ గొంతును అనుకరించిన తీరుకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత మా రేవువాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. పప్పు గిన్నె చేతిలో పట్టుకున్న మా మరదలు నూకరత్నం దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"ఏమైంది?" అంది కెప్టెన్.

"ఆవిడ నా భార్యండి. పాపాయమ్మ. పోయి పదకొండేళ్ళవుతోంది" అన్నాను.

కెప్టెన్ నా వంక చూసింది. "మా దగ్గర ఇంకా ఉన్నదే" అంది మెల్లగా.

ఆ మాట తరవాత నేను ఏం తిన్నానో రాయమంటే రాయలేను. ఏదో తిన్నాను. గవర్రాజు మాత్రం వేళ్ళ మీద లెక్కేస్తూ కూర్చున్నాడు. వాడికి అంతకంటే మంచి యంత్రం లేదు.

"వచ్చే నెలాఖరుకి సంవత్సరీకం కదా అన్నయ్యా. దాని ముందు రోజు దాకా వదిన మైకులో చదివింది. అంటే వచ్చే నెలాఖరు దాకా ఆళ్ళకి వదిన మాటలు అందుతానే ఉంటాయి. ఆ తరవాత భూమిని దాటేసి ఎల్లిపోతాయి."

"అవతల ఇంకెక్కడైనా వినొచ్చా?" అని అడిగాను కెప్టెన్ను.

"అంత పెద్ద చెవి ఇంకేడ లేదు తాతా."

"ఎవరూ దాచిపెట్టరా?"

"పడవల పేర్లు ఎవరు దాస్తరు? ఇనేటోళ్ళు ఇంటరు, అంతే."

ఆవిడను అనడానికేముంది, మేమే దాచలేదు. పండగ నాటి గొంతుల్ని దాస్తారు గానీ, రోజూ వినపడే గొంతును ఎవరు దాస్తారు? పాపాయమ్మ పాట పాడి ఉంటే దాచేవాళ్ళేమో. ఆవిడ పాడితే నేనే ఆపించేవాణ్ణి. అది వేరే కథ.

"నేను పోంగనే రికార్డు చేపిస్త. మళ్ళ వచ్చేటప్పుడు తెస్త."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఏడాదో, రెండేండ్లో."

"అయితే నన్నే పట్టుకెళ్ళండి. రికార్డు కన్నా నన్నే తేలిగ్గా మోయగలరు" అన్నాను.

ఆవిడ ఎంతసేపు నవ్విందంటే, సరే అన్నదో లేదో చివరిదాకా తెలియలేదు. అంది.

రాత 3

రేవుకు పిచ్చెక్కింది. మంచు కోసేవాళ్ళు కోతలు మానేసి భూమి గురించి మాట్లాడుకుంటున్నారు. అక్కడి డాక్టర్లు ఇక్కడికి రావచ్చు, ఇక్కడి పిల్లలు అక్కడ చదువుకోవచ్చు. మామిడి పండు కుళ్ళకుండా వచ్చేస్తుందట. మూడు తరాల ప్రయాణం ఆరు రోజులైతే మనిషికి ఇంకేం కావాలి? నాకీ వయసులో కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మా దగ్గర అది పెద్ద విశేషం కాదనుకోండి.

ఇక్కడే నూకరత్నం గురించి చెప్పాలి. పాపాయమ్మ చెల్లెలు, నా మరదలు, గవర్రాజు పెళ్ళాం. పసుపు రంగు దోనె ఒకటుంది ఆవిడకి. చిన్న పడవ. అందులో నాచు పిండి తీసే నాచుపాలు పోసుకుని ఇంటింటికీ తిరుగుతుంది. ఆవిడకు ఓడ వచ్చిన దగ్గర్నుంచి ఒకటే గొడవ. సాయంత్రం పూట భూమి నుంచి వచ్చే రేడియో నాటకం మాకు పదకొండేళ్ళు ఆలస్యం. అందులో సుభాషిణి అనే పిల్ల బావిలో పడి మూడు నెలలైంది. భూమ్మీద ఆ నాటకం ఏనాడో అయిపోయింది. ఓడ ఇంజనీరుకు ముగింపు తెలుసు. నూకరత్నం అతన్ని మూల కూర్చోబెట్టి, బజ్జీలు పెట్టి, "బతికిద్దా బాబూ? అదొక్కటి చెప్పు. బావిలోకి తోసిందెవరో చెప్పొద్దు" అని బతిమాలుతుంది. మిగతా ఆడవాళ్ళంతా వాడు నోరు తెరిస్తే రేవు దాటనివ్వమని ఒట్టేశారు. పాపం ఆ కుర్రాడు బజ్జీ తినాలంటే వణుకుతున్నాడు.

నిన్న నాచుపాలు పోస్తూ అంది, "నువ్వేం బెంగెట్టుకోకు బావా. నీ పయనానికి ఎదురు నాది."

"సరేలే" అన్నాను.

అంతకుమించి అడగకూడదు. మా రేవులో ఎవరైనా దూరం వెళుతుంటే మంచి మనిషి ఎదురు రావాలి. ఎవరొస్తారో లోపల అందరికీ తెలుసు. కానీ ఎప్పుడు, ఎక్కడ అని ఎవరూ అడగరు. అనుకోకుండా వచ్చినట్టు రావాలి, అనుకోకుండా చూసినట్టు మనం చూడాలి. ఇంటి గడప దగ్గరైతే బిందెతో వస్తారు. పెద్ద పడవ బయల్దేరితే మాత్రం చిన్న పడవలో వస్తారు. ఇంతకాలంలో ఎదురు లేకుండా ఏ పడవా మా రేవు దాటలేదు.

రాత 4

ఇవాళంతా మొగ ఊడ్చాం. రేవు నుంచి బయటి శూన్యంలోకి తెరుచుకునే దారిని మేం మొగ అంటాం. గోదారి సముద్రంలో కలిసేచోటును అలాగే అనేవారట. పాలపిట్ట ఆ మొగలోకి మెల్లగా జరిగి, అక్కడ ఇంజను వేడెక్కించుకుని, ఒక్క దూకు దూకుతుంది. దూకే దారిలో గులకరాయి ఉన్నా ఓడ మిగలదు, రేవూ మిగలదు. అందుకని నాలుగు పంట్లేసుకుని మంచు ముక్కలు, మరలు, ఎవరో పారేసుకున్న చెప్పు, అన్నీ ఏరాం. చెప్పు గవర్రాజుది. అయిదేళ్ళ కిందట పోయిందని నా మీద నింద వేసినదే. దాన్ని వాడి ముందు పెట్టి ఒక్క మాట కూడా అనలేదు. ఆ సుఖం వేరు.

కెప్టెన్ గారు పంటెక్కి మాతో తిరిగారు.

"ముందున్నది మీకు కనపడదాండీ?" అని అడిగాను.

"వెలుతురు తెచ్చి చూపెడ్తనే గద తాతా మనకు కనపడేది. దానికన్న ముందు మనం ఉరుకుతుంటే ఎవరు చూపెడ్తరు? ఊడ్చిన దారి మీద నమ్మకం, అంతే."

"బయల్దేరేముందు రాడార్ ఉంటుంది కదా?"

"ఇంజన్ వేడెక్కుతున్నప్పుడు మొగంత సలసల మరిగే నూనె మీద గాలి లెక్క ఊగుతది. అప్పుడు రాడార్ గుడ్డిది, రేడియో చెవిటిది. అందుకే ఊడ్చినంక ఒక్క పడవ గూడ మొగలకు రావద్దని చాటింపు వేయించిన."

చాటింపు నేనూ విన్నాను. మొగలో లైట్లు వేయకూడదు, పంట్లు రాకూడదు, మంచు బళ్ళు రాకూడదు, చేపతొట్టి పడవలు రాకూడదు. ఎదురు పడవ గురించి చాటింపులో లేదు. మా ఏ చాటింపులోనూ ఉండదు. అన్నం తినేటప్పుడు మాట్లాడొద్దంటే ఊపిరి పీల్చొద్దని కాదు కదా.

ఎదురు పడవ సంగతి నేను తరవాత ఇక్కడ చేర్చి రాశాను గానీ ఆ రోజు తట్టలేదు. మాలో ఎవరికీ తట్టలేదు. కెప్టెన్ గారికి తట్టే అవకాశమే లేదు.

రాత 5

బయల్దేరే రోజు. ఇంకో పదిహేను పొద్దులపాటు పాపాయమ్మ మాటలు భూమికి అందుతాయని గవర్రాజు లెక్క. ఆరు రోజులు దారికి పోగా తొమ్మిది పొద్దులు. తొమ్మిది పొద్దులు ఆవిడ నన్ను మైకులో తిట్టడం వినొచ్చు. కొత్త చొక్కా వేసుకున్నాను.

గడప దాటాను. నూకరత్నం ఎదురు రాలేదు. గవర్రాజు సంచి పట్టుకుని వెంట వచ్చాడు.

"ఏదిరా మీ ఆవిడ?"

"పొద్దున్నే ఎల్లింది. నువ్వలా అడక్కూడదన్నయ్యా" అన్నాడు, నేలచూపులు చూస్తూ. నిజమే, అడక్కూడదు. ఓడ తలుపు దగ్గర వస్తుందనుకున్నాను. అక్కడా రాలేదు.

నలభై మందిమి కూర్చున్నాం. నా పక్కన ప్రెసిడెంటు గారి అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, "దూకేశామా? దూకేశామా?" అని నిమిషానికోసారి అడుగుతోంది. ప్రతి వరసలో ఒక గొలుసు వేలాడుతోంది. పూర్వం భూమ్మీద రైళ్ళలో ఉండేదట. లాగితే ఇంజను చల్లారిపోతుంది. మళ్ళీ వేడెక్కడానికి ఏడు రోజులు. అందుకని దాని జోలికి పోవద్దని కెప్టెన్ గారు రెండుసార్లు చెప్పారు.

ఓడ మెల్లగా మొగలోకి జరిగింది. కిటికీలోంచి రేవు కొక్కేలు కనిపిస్తున్నాయి, వరసగా, ఒక్కో దానికి ఒక్కో పడవ. ఒక కొక్కెం ఖాళీ. పసుపు దోనె కొక్కెం. నాచు తేవడానికి వెళ్ళిందేమో అనుకున్నాను. ఇంజను మోత మొదలైంది. కిటికీ అవతల చుక్కలు నూనెలో పడ్డట్టు ఊగాయి. అప్పుడు పైనుంచి ఓడలోని యంత్రం, అదే మరగొంతు, పలికింది.

"దారి ఖాళీ."

పాపాయమ్మ ఆ మాట అంత త్వరగా అనేది కాదు. ఎదురెళ్ళిన పడవ తిరిగొచ్చి కొక్కేనికి తగులుకున్నాకనే అనేది. ముప్ఫై ఏళ్ళు అలాగే అంది. నేను ఎన్నిసార్లో విసుక్కున్నాను, చెప్పడానికి ఇంతసేపా అని. మరగొంతుకు కొక్కేలు లెక్కపెట్టడం తెలియదు.

నూకరత్నం గడప దగ్గర ఎందుకు రాలేదో అర్థమైంది. ఓడకు ఎదురు పడవలో రావాలి. మొగలో లైట్లు వేయకూడదంటే ఆర్పేసే ఉంటుంది. మిగతా పడవల్లాగే ఇదీ నింపాదిగా బయల్దేరుతుంది, పక్కనుంచి దాటుకుంటూ రావచ్చు అనుకుని ఉంటుంది.

లేదా నాచుకు వెళ్ళి ఉంటుంది. అలాగైతే నేను గొలుసు లాగితే ఏడు పొద్దులు పోతాయి. తొమ్మిదిలో రెండే మిగులుతాయి. అంతా సవ్యంగా జరిగితే ఆ రెండు. ఏదైనా తేడా వస్తే అవీ ఉండవు.

లాగాను.

రాత 6

నిన్న రాసింది అక్కడ ఆగిపోయింది. మిగతాది ఇవాళ.

ఇంజను ఆగగానే కెప్టెన్ గారు వరసల మధ్యలోంచి ఎగురుతున్నట్టే వచ్చారు. "ఎవరు లాగిన్రు?"

"నేనేనండి."

"ఎందుకు?"

"మా మరదలు ఎదురొస్తోందండి."

"ఏమొస్తున్నది?"

"దూకేశామా?" అంది పక్కనావిడ.

ఎదురంటే ఏమిటో కరీంనగర్ మనిషికి చెప్పనక్కర్లేదు. కానీ అది ఓడ ముందుకు పడవేసుకుని వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. మొహం ఎర్రబడి ఏదో అనబోయారు. ఈలోగా మొగ ఊగడం తగ్గింది. తెర మీద బొమ్మ తేరుకుంది. దారికి నట్టనడుమ, మా మూతికి ఎదురుగా, పసుపు చుక్క ఒకటి నింపాదిగా వస్తోంది.

కెప్టెన్ గారు దొరికిన కుర్చీలో కూర్చుండిపోయారు. అది ప్రెసిడెంటు గారి అత్తగారి ఒడి. ఇద్దరూ గమనించలేదు.

ఓడనూ దోనెనూ రేవుకు లాక్కొచ్చారు. నూకరత్నం పట్టుచీర కట్టుకుంది. బిందెలో నీళ్ళు ఎగిరిపోకుండా మూత పెట్టి, తాడేసి ఒడిలో కట్టుకుంది. తల నిండా కాగితప్పూలు. దిగీ దిగగానే నా మీద పడింది.

"బుద్ధుందా బావా? ఎదురొస్తంటే పయనం ఆపుకుంటారా ఎవరన్నా? ఎంత అపశకునం!"

"ఇంకాస్తుంటే నువ్వూ ఉండేదానివి కాదు, మేమూ ఉండేవాళ్ళం కాదే."

"పక్కనుంచి ఎల్లిపోదును. నాకు పడవ నడపడం కొత్తా? నువ్వు నేర్పావా?"

"అమ్మా, ఈ ఓడ పక్కనుంచి పోయేటందుకు పక్క అన్నదే ఉండది" అంది కెప్టెన్. ఆ తరవాత ఏ వేగంతో ఏమవుతుందో మెల్లగా చెప్పింది. నూకరత్నం వింటూ వింటూ బిందె మీద చెయ్యి వేసుకుంది. గవర్రాజు వచ్చి ఆవిడ తలలో ఊడిపోతున్న కాగితప్పువ్వును సర్ది, అలాగే నిలబడ్డాడు.

చివరికి ఆవిడే అంది, "అక్క గొంతుకు ఏడు రోజులు పోయినట్టేనా?"

"పోతే పోయాయిలే" అన్నాను. అలా అనడం తప్ప ఏం చేస్తాం. నూకరత్నమూ పోయి ఉంటే ఇద్దరు అక్కాచెల్లెళ్ళను వెతుక్కుంటూ నేను ఎంత దూరం పోవాలి?

రాత 7

నాకో సిద్ధాంతం ఉంది. ఎవరూ అడగలేదు, అయినా రాస్తాను. పూర్వం ఏ అడవి దారిలోనో బయల్దేరేవాడికి ఎదురుగా మనిషి వచ్చాడంటే, ఆ దారిలో పులి లేదని, వాగు పొంగలేదని అర్థం. వచ్చిన మనిషే సాక్ష్యం. తరవాత తరవాత పులి సంగతి మరిచిపోయి మనిషిని మాత్రం ఉంచుకున్నాం, పైగా బిందె చేర్చాం. ఈ సంగతి పుస్తకాల్లో ఉందో లేదో తెలియదు. నేను చదివినవన్నీ జనం పారేసినవి, సగానికి అట్టలుండేవి కావు.

ఇది కెప్టెన్ గారికి చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అంటే ఊడ్చినంక దారి సూసొచ్చే మనిషి. మాకు లేనిది గదే గద తాతా" అన్నారు. "యంత్రాలు ఊడుస్తయి, యంత్రాలు సూస్తయి. చివరికి ఆ దారెంట ఒక మనిషి నడిచొచ్చుడు మాత్రం లేదు."

సాయంత్రానికి కొత్త చాటింపు వేశారు. ఇకమీదట వెలుతురును దాటే ఏ ఓడైనా సరే, మొగ అవతలి కొస నుంచి ఎదురు పడవ రేవుకు వచ్చి కొక్కేనికి తగులుకున్నాకే ఇంజను వెలిగించాలి. మొదటి ఎదురు పడవ నడిపేది వెలగల నూకరత్నం. చాటింపులో తన పేరు విని ఆవిడ రేవంతా రెండుసార్లు తిరిగింది, పాలు పొయ్యడానికన్నట్టు. రెండోసారి దోనెలో పాలు లేవు.

"మరి అనుకోకుండా వచ్చినట్టు రావాలి కదే?" అన్నాను.

"అనుకోకుండానే వస్తాను. టైముకి" అంది.

రాత 8

బయల్దేరాం! ఇంజను వెలగకముందు మొగలోంచి పసుపు దోనె వచ్చింది, ఈసారి లైట్లన్నీ వేసుకుని, పెళ్ళివారి బండిలా. మేమంతా కిటికీలకు అతుక్కుని అనుకోకుండా చూసినట్టు చూశాం. దోనె కొక్కేనికి తగులుకుంది. మరగొంతును ఆపేయించారు. మైకులో గవర్రాజు, "దారి ఖాళీ. వెళ్ళి రండి" అన్నాడు. బాగానే అన్నాడు. వాడితో ఆ మాట చెప్పను.

దూకాం. తరవాత కిటికీలన్నీ నలుపు. చుక్కల్లేని నలుపు. భయం వేసిందా అని షరతు ప్రకారం రాయాలి. వేసింది. ముందేముందో మాకు తెలియదు, మేం ఉన్నామని ముందున్నవాటికి తెలియదు. ఏ కబురైనా మా వెనకే. అయినా భయాన్ని మించి ఒంట్లో ఒక రకమైన చిందు. ఒక సరంగు తన జీవితంలో ఎంత దూరం పంటు నడిపాడో, టీ చల్లారేలోగా అంతకు వెయ్యింతలు దాటిపోయాం. ముసలాళ్ళం అయిదుగురం కూర్చుని గుక్క గుక్కకూ, "ఇప్పుడెంత? ఇప్పుడెంత?" అని ఇంజనీరును చంపుకుతిన్నాం.

ఒకటి తలచుకుంటే నవ్వొచ్చింది. ఈ దారిలోనే ఎక్కడో పాపాయమ్మ చదివిన పేర్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. పదకొండేళ్ళుగా నడుస్తున్నాయి. వాటి పక్కనుంచి ఆవిడ మొగుడు దూసుకుపోతున్నాడు. ఒక్కసారైనా ఆవిడ కన్నా ముందు చేరబోతున్నాడు.

ఇంజనీరు నా చెవిలో సుభాషిణి సంగతి చెప్పాడు. రాయను. నూకరత్నం ఇది చదువుతుంది.

రాత 9

చేరాం. అందరూ సముద్రం చూడ్డానికి భూమికి దిగారు. కెప్టెన్ గారు నన్ను చంద్రుడి వెనకపక్కకు తీసుకెళ్ళారు. పెద్ద చెవి నిజంగానే పెద్దది, మా రేవు మొత్తం అందులో పడుకోవచ్చు. లోపల మాత్రం చిన్న గది, ఇద్దరు ఆపరేటర్లు, ఒక పాత కుర్చీ. నా పేరు చెప్పగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు.

మొదటి పొద్దు ఏమీ వినపడలేదు. ఎర్ర నక్షత్రం మీద తుఫాను రేగిందట, పదకొండేళ్ళ కిందటి తుఫాను. గరగర తప్ప మాట లేదు. ఆపరేటర్లు నావైపు చూడకుండా మరలు తిప్పుతూ కూర్చున్నారు. ఇక మిగిలింది మర్నాటిది ఒక్కటే.

ఇవాళ పొద్దున మళ్ళీ కూర్చున్నాం. గరగర కాసేపుంది. తరవాత పలచబడింది. పేర్లు మొదలయ్యాయి. ఒకటో నంబరు బయల్దేరింది. రెండో నంబరు బయల్దేరింది. ఆవిడ దగ్గింది, మంచినీళ్ళు తాగిన చప్పుడైంది.

"మూడో నంబరు పంటు సరంగు కొల్లాటి త్రిమూర్తులు గారు ఇంకా రేవుకు రాలేదు. ఎక్కడున్నా వెంటనే రావలసింది."

నాలుగో నంబరు, అయిదో నంబరు చదివింది. ఎదురు పడవ కోసం కాబోలు, కాస్త ఆగింది. దారి ఖాళీ, వెళ్ళి రండి అంది. గరగర మొదలైంది.

ఆపరేటరు టీ తెచ్చి ఇచ్చాడు. పంచదార ఎక్కువైంది. తాగాను.